రెండు టపాపెట్టెలు, ఒకే చిట్టా

కార్యాలయపు ఈ-మెయిల్ పాత వేదిక నుండి కొత్త వేదికకు మారుతున్నదని సర్క్యులర్ వెలువడిన నాటి నుండి ఈ శీర్షికకు అందుతున్న ప్రశ్నలు ఇంచుమించు ఒకే తీరున ఉన్నాయి. పాత ఉత్తరాలు ఏమవుతాయి? రెండు పెట్టెలూ కొంతకాలం ప్రక్కప్రక్కనే నడుస్తాయి గదా, ఒకదానిలో చేరినది రెండవదానిలో కనబడుతుందా? సోదరీమణి ఒకరు, "మా వారి ఉత్తరాల సంగతి సరే, ఇంట్లో మా సొంత మెయిల్ మార్చుకోవాలంటే ఎట్లా?" అని అడిగారు. అందరికీ కలిపి ఈ నెల సమాధానం చెప్పదలచాము.

ఇది మన ఒక్కరికే వచ్చిన పని కాదు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఖాతాలు దాదాపు 12 లక్షలు జాతీయ సమాచార కేంద్రం నడిపిన వ్యవస్థ నుండి జోహో సంస్థ వేదికకు మారిన వార్తను 2025 అక్టోబరులో పత్రికలు ప్రకటించాయి. ఆ కాంట్రాక్టు 2023లో కుదిరినది. చిరునామాల చివరి భాగం మారలేదు. వెనుక ఉన్న టపా కార్యాలయం మాత్రమే మారింది. తలుపు మీది పేరు అదే ఉండి లోపలి బీరువాలన్నీ వేరొక భవనానికి తరలిపోవడం వంటిది ఇది.

బీరువాలు తరలించే పద్ధతి తెలియాలంటే ముందు బీరువా సంగతి తెలియాలి. ఈ-మెయిల్ చదువుకొనడానికి తొలిరోజులలో రెండు పద్ధతులు ఏర్పడ్డాయి. 1984లో వచ్చిన ‘పాప్’ అనే పద్ధతిలో, టపా కార్యాలయానికి వెళ్ళి ఉత్తరాలు ఇంటికి తెచ్చుకొన్నట్లు, అవి మన కంప్యూటరులోనికి దిగుతాయి. 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ‘ఐమాప్’ పద్ధతిలో ఉత్తరం సర్వరు వద్దనే ఉంటుంది. మనం ఎక్కడి నుండి చూచినా అదే ఉత్తరం, అదే ఫోల్డరు, చదివినదన్న అదే గుర్తు కనబడతాయి. వేదికలు వేరైనా ఈ భాష చాలావాటికి తెలుసు. కనుకనే ఒక వేదిక నుండి మరొక వేదికకు ఉత్తరాలు తరలించేవారు ఎక్కువగా దీనినే ఆశ్రయిస్తారు.

చిక్కంతా సంఖ్యల వద్ద ఉన్నది. ఐమాప్ సర్వరు తన ఫోల్డరులోని ప్రతి ఉత్తరానికి ఒక వరుస సంఖ్య వేస్తుంది. ఆ సంఖ్య ఆ సర్వరులోని ఆ ఫోల్డరుకే చెల్లుతుంది. అదే ఉత్తరం కొత్త వేదికకు చేరితే కొత్త సంఖ్య పడుతుంది. అటువంటప్పుడు ఇక్కడి 412వ ఉత్తరమూ అక్కడి 57వ ఉత్తరమూ ఒక్కటేనని గుర్తుపట్టేదెట్లా?

ఈ ప్రశ్నను మన ఊరు నాలుగు వందల ఏళ్ళ క్రిందటే ఎదుర్కొన్నది. ఆంగ్ల వర్తక కంపెనీ 1611లో మచిలీపట్నంలో కొఠీ తెరిచింది. ఆ తరువాత కొద్దికాలానికే సూరత్ కొఠీ నిలదొక్కుకొన్నది. ఓడలు మన హజీరా ప్రక్కనే ఉన్న సువాలీ వద్ద లంగరు వేసేవి. ఈ రెండు కొఠీల నడుమ ఉత్తరాలు కాలినడకన పోయే వార్తాహరుల చేతుల మీదుగా నడిచేవి. సముద్రం దాటవలసిన వాటికి నకళ్ళు తీసి వేర్వేరు ఓడలలో పంపేవారు. ఒక ఓడ మునిగితే మరొకటి చేరుతుందని ఆశ. రెండూ చేరితే ఒకే ఉత్తరం రెండుమార్లు అందినట్లు. అందుచేత గుమాస్తాలు ఒక అలవాటు చేసుకొన్నారు. ఉత్తరం మొదటనే, తాము ముందు వ్రాసినది ఏ తేదీదో, ఎదుటివారి నుండి తమకు అందినది ఏ తేదీదో వ్రాసేవారు. పంపిన ప్రతిదానికీ చిట్టాలో నకలు ఉంచేవారు. చదివినవాడు తన చిట్టాతో సరిచూచుకొని, ఏది రాలేదో, ఏది రెండుమార్లు వచ్చినదో కనిపెట్టేవాడు.

నేటి యంత్రాలు చేసేదీ ఇదే. ప్రతి ఈ-మెయిల్‌కూ పంపేవారి యంత్రం ‘మెసేజ్ ఐడీ’ అనే ఒక గుర్తును సాధారణంగా తగిలిస్తుంది. అది ఉత్తరంతోనే ప్రయాణిస్తుంది. ఏ సర్వరుకు పోయినా మారదు. తరలించే సాధనం రెండు వైపుల గుర్తులనూ పోల్చి, అక్కడ లేనిదానిని మాత్రమే తీసుకొనిపోవాలి. కొన్ని యంత్రాలు పంపే ఉత్తరాలకు ఈ గుర్తు ఉండకపోవచ్చు. అప్పుడు తేదీ, పంపినవారు, పరిమాణం కలిపి చూడవలసి వస్తుంది.

ఇంకొక తేడా గృహిణులకు, విద్యార్థులకు కూడా ఉపయోగపడుతుంది. జీమెయిల్‌లో నిజానికి ఫోల్డర్లు లేవు, లేబుళ్ళు ఉన్నాయి. ఒకే ఉత్తరానికి ‘బ్యాంకు’ అనీ ‘ఆదాయపు పన్ను’ అనీ రెండు లేబుళ్ళు అంటించవచ్చు. ఐమాప్ ద్వారా చూచినప్పుడు మాత్రం లేబులు ఒక్కొక్కటీ ఒక ఫోల్డరుగా కనబడుతుంది. ఫోల్డర్లు మాత్రమే ఎరిగిన వేదికకు దానిని తీసుకొనిపోతే ఒక ఉత్తరం రెండుగా, మూడుగా పెరుగుతుంది. పెట్టె నిండిపోయినదని కంగారు పడేవారు ముందు ఈ సంగతి చూచుకోవాలి. తెలుగులో పేరు పెట్టిన ఫోల్డర్లకు మరొక ఇబ్బంది. పాత ఐమాప్ పద్ధతిలో ఇంగ్లీషుకాని పేర్లను ఒక సంకేత లిపిలోనికి మార్చి దాచుతారు. ఆ లిపి చదవలేని సాధనం చేతిలో పడితే ‘పిల్లల చదువు’ అన్న ఫోల్డరు అర్థంలేని అక్షరాల మూటగా తేలుతుంది. లోపలి ఉత్తరాలు పోలేదు. పేరు మాత్రమే చెడింది.

ఐమాప్ మోసుకొనిపోనివి కూడా ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ 365లోనికి ఈ మార్గాన తరలిస్తే ఉత్తరాలు మాత్రమే వస్తాయి. పరిచయస్థుల చిరునామాలు, క్యాలెండరు, పనుల పట్టిక రావు. 35 మెగాబైట్లు మించిన ఉత్తరమూ రాదు. ఉత్తరానికి జతచేసిన ఫైలు ప్రయాణానికై అక్షరాలుగా మారినప్పుడు మూడింట ఒక వంతు పెరుగుతుంది. కాబట్టి 27 మెగాబైట్ల స్కానింగు కాగితం 36 దాటి వెనుకనే నిలిచిపోతుంది. పెద్ద డ్రాయింగులు పంపుకొనే మన ఇంజనీరింగు మిత్రులు దీనిని గమనింతురు గాక.

ఇవన్నీ అసౌకర్యాలే. వీటికంటె గట్టిది ఒకటి మా కళ్ళ ముందు జరిగింది. పదవీ విరమణ చేసిన పెద్దాయన ఒకరు తన భార్య చికిత్సకైన ఖర్చుల క్లెయిము గడువులోపలనే ఈ-మెయిల్ ద్వారా పంపుకొన్నారు. పరిశీలన కొంత ఆలస్యమయింది. ఈలోగా ఆ విభాగపు పెట్టె కొత్త వేదికకు తరలింది. పరిశీలించినవారు తెరచి చూడగా, ఆ ఉత్తరానికి ఎదురుగా తరలింపు జరిగిన రోజు తేదీ కనిపించింది. గడువు దాటినదని కాగితం తిరిగి వెళ్ళింది. పెద్దాయన స్వయంగా వచ్చి, "నేను ఆలస్యం చేయలేదు బాబూ, ఆవిడ ఆసుపత్రిలో ఉండగానే పంపాను" అన్నారు. ఆ మాటకు జవాబు చెప్పలేక మేము తల దించుకొన్నాము.

జరిగినదేమనగా, ఉత్తరం తన పెట్టెకు చేరిన తేదీని సర్వరు విడిగా దాచుకొంటుంది. తరలించే సాధనం ఆ తేదీని కూడా అందించకపోతే, కొత్త సర్వరు ఆ రోజునే ఉత్తరం వచ్చినట్లు వ్రాసుకొంటుంది. అయితే ఉత్తరపు శిరోభాగంలో పంపిన తేదీ, దారిలో తగిలిన ప్రతి సర్వరు వేసిన ముద్ర అట్లాగే ఉంటాయి. పోస్టుకార్డు మీది తపాలా ముద్రల వంటివే అవి. శిరోభాగం పూర్తిగా తెరిపించి, పాత పెట్టెలోని తేదీతో పోల్చి చూస్తే పెద్దాయన మాట అక్షరాలా నిజమని తేలింది. క్లెయిము మంజూరయింది. పాత పెట్టె మూతపడడానికి అప్పటికి ఇంకా కొద్దిరోజుల వ్యవధి మాత్రమే ఉన్నది.

తేదీ అనేది చట్టం కూడా పట్టించుకొనే విషయం. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 7వ సెక్షను ప్రకారం, భద్రపరచవలసిన రికార్డును ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచినప్పుడు అది ఎక్కడ నుండి వచ్చినదో, ఎక్కడకు చేరినదో, ఏ తేదీన, ఏ వేళకో తెలిపే వివరాలు అందులో నిలిచి ఉండాలి. పబ్లిక్ రికార్డుల చట్టం, 1993 ప్రభుత్వ రంగ సంస్థలకు వర్తిస్తుంది. కంప్యూటరు వెలువరించినదీ దాని దృష్టిలో రికార్డే. ఉత్తరంలోని మాటలు చేరితే చాలదు. అది వచ్చిన వేళ కూడా చేరాలి.

మరొక అపోహను కూడా తొలగించవలసి ఉన్నది. రెండు పెట్టెలను ఏకం చేయడమంటే ఒక నకలు భద్రంగా దాచుకొనడమని చాలామంది అనుకొంటారు. రెండు వైపులా సమానం చేసే ఏర్పాటులో తొలగింపు కూడా సమానమే. "ఎటూ కొత్తదానిలో ఉన్నాయి గదా" అని పాతదానిని ఖాళీ చేయబోతే, ఆ ఖాళీతనమే రెండవ వైపుకూ పాకవచ్చు. అందుచేత మొదటనే ఒక్క మాట తేల్చుకోవాలి: రెంటిలో ఏది అసలు, ఏది నకలు? తరలింపు ముగిసే వరకు పాతదే అసలు. దాని నుండి కొత్తదానికే ప్రవాహం. ఎదురు ప్రవాహం ఉండరాదు. చిరునామాను కొత్త వేదికకు మళ్ళించిన తరువాత కూడా కొన్ని గంటలపాటు లోకంలోని కొన్ని సర్వర్లు పాత దారినే ఉత్తరాలు తెచ్చిపెడతాయి. అందుకై మళ్ళింపు తరువాత చివరిసారి ఒక విడత తరలింపు జరగాలి.

ఇక మిత్రులు చేయదగిన పనులు స్వల్పమే. పాత పెట్టెలో ఫోల్డరువారీగా ఉత్తరాల లెక్క వ్రాసుకొని, కొత్తదానితో పోల్చండి. లెక్క సరిపోయినా మిన్నకుండక, బాగా పాతది ఒకటి, జత ఫైలు ఉన్నది ఒకటి, తెలుగులో వ్రాసినది ఒకటి తెరచి తేదీతో సహా సరిచూడండి. చిరునామాలు, క్యాలెండరు విడిగా మార్చుకోండి. విశ్రాంత మిత్రులు క్లెయిములకు సంబంధించిన ఉత్తరాలను కాగితం మీద అచ్చు తీసి ఉంచుకొనడం మేలు. "మీ పెట్టె మారుతున్నది, ఇక్కడ నొక్కి పాస్‌వర్డు ఇవ్వండి" అని వచ్చే ఉత్తరాన్ని మాత్రం ఇంటిల్లిపాదీ నమ్మవద్దు. మార్పుల కాలమే మోసగాళ్ళకు పంటకాలం.

సువాలీ ఓడలు పోయినవి, కొఠీలూ పోయినవి. గుమాస్తా చిట్టా మాత్రం నేటికీ మనకు పాఠం చెబుతున్నది. ఎదుటివారి లెక్కతో మన లెక్క సరిపోయిన తరువాతనే పాత పుస్తకం మూయాలి. ఆ లెక్క సరిపోయే వరకు మన పాత పెట్టెను మూయరాదని మా విన్నపం.