మన్ననూరు గేటు రాత్రి మూసే ఉండాలి

హైదరాబాద్–శ్రీశైలం జాతీయ రహదారిపై మన్ననూరు దగ్గర అటవీ శాఖ గేటు రాత్రి తొమ్మిదింటికి పడుతుంది, ఉదయం ఆరింటికి లేస్తుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి దేవరకొండ, డిండి మీదుగా మల్లన్న దర్శనానికి బయలుదేరే వాహనాలూ హాజీపూర్ దాటాక ఈ గేటు ముందుకే వస్తాయి. వరుస సెలవులొచ్చినా, శివరాత్రి దగ్గరపడినా ఈ వేళలు సడలించాలన్న ఒత్తిడి మొదలవుతుంది. ప్రభుత్వం దానికి తలొగ్గకూడదు.

గేటు అవతల ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న నల్లమల అడవి ఇది. ఇందులో 2,166 చదరపు కిలోమీటర్లు కోర్ ప్రాంతం. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలో ఇదొక భాగంగా ఉండేది. రాష్ట్ర విభజన తర్వాత వేరుపడింది. కృష్ణకు ఆవలి ఒడ్డున ఆంధ్రప్రదేశ్ భాగం పాత పేరుతోనే కొనసాగుతోంది. పులికి ఈ సరిహద్దులతో పని లేదు. చట్టరీత్యా తెలంగాణలోని జాతీయ ఉద్యానాలు మూడు. కాసు బ్రహ్మానందరెడ్డి, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి హైదరాబాద్‌ను అంటిపెట్టుకునే ఉన్నాయి, మూడూ కలిపినా ఇరవై చదరపు కిలోమీటర్లకు అటూఇటూ. కొండలూ లోయలూ పులులూ ఉన్న అడవికి మాత్రం ఆ హోదా లేదు. అయితే వన్యప్రాణి చట్టానికి 2006లో చేసిన సవరణ పులుల కోర్ ప్రాంతాన్ని అలజడి లేకుండా ఉంచాలంటోంది. రాత్రి గేటు ఆ నిబంధనకు ఆచరణ రూపమే తప్ప అధికారుల చాదస్తం కాదు.

ఈ నేల స్వభావం తెలిస్తే రాత్రి విలువ అర్థమవుతుంది. నల్లమల వాన తక్కువగా పడే ఆకురాల్చే అడవి. నల్లమద్ది, ఏగిస, చండ్ర, తునికి, ఇప్ప, వెదురు దీని ప్రధాన వృక్షాలు. మాఘం దాటితే కొమ్మలు మోడువారుతాయి, వాగులు ఎండుతాయి. నీరు అక్కడక్కడా చెలమల్లో, అటవీ శాఖ నింపే సాసర్ గుంతల్లో మాత్రమే మిగులుతుంది. ఎండ తగ్గాకే కణుజులు, దుప్పులు, మనుబోతులు నీటికి కదులుతాయి. వాటి వెనకే పులి, చిరుత. ఎలుగుబంటి, అలుగు, పునుగుపిల్లి చీకటి పడితే గానీ బయటికి రావు. రహదారి అడవిని నిట్టనిలువునా చీల్చుకుంటూ వటవర్లపల్లి, దోమలపెంట మీదుగా పాతాళగంగ దాకా పోతుంది. రోడ్డుకు ఈ పక్క మేత, ఆ పక్క నీరు ఉన్న జంతువు రోజూ దాన్ని దాటక తప్పదు. పదిహేను గంటలు వాహనాలకు వదిలేసిన దారిని ఆ తొమ్మిది గంటలైనా వాటికి వదలడం న్యాయం.

కర్ణాటకలోని బండీపూర్‌లోనూ ఇవే వేళలు. అక్కడ 2009లో రాత్రి నిషేధం పెట్టారు. అత్యవసర వాహనాలకు, కొద్దిపాటి బస్సులకు మాత్రమే మినహాయింపు. కేరళ నుంచి ఏళ్ల తరబడి వ్యతిరేకత వచ్చినా నిషేధం నిలిచింది. ఇక్కడ మాత్రం స్తంభాలపై రోడ్డు వేస్తే అన్నీ సర్దుకుంటాయని మన్ననూరు–శ్రీశైలం ఎలివేటెడ్ కారిడార్‌ను ముందుకు తెస్తున్నారు. కింద జంతువులకు దారి ఉంటుందన్న మాట నిజమే. కానీ ఏళ్ల తరబడి సాగే పనులు, యంత్రాలు, కూలీల గుడారాలు కోర్ అడవి నడుమనే ఉంటాయి. పైగా ఆ వంతెన ఇరవై నాలుగు గంటల రాకపోకలకు సాకుగా మారితే ప్రయోజనం తలకిందులవుతుంది.

పగటి పర్యాటకంపైనా మాట్లాడాలి. ఫరహాబాద్ వ్యూ పాయింట్, మల్లెలతీర్థం, ఉమామహేశ్వరం చూడదగ్గవే, చూడాల్సినవే. ఫరహాబాద్ సఫారీ నుంచి పులి కనబడకపోయినా కొండల అంచులు, లోయలు కనబడతాయి. పులి కోసమే వచ్చి అలిగి వెళ్లేవాళ్లకు అడవి చేయగలిగిందేమీ లేదు. కారు ఆపి కోతులకు అరటిపండ్లు, చిప్స్ విసరడమే అసలు తంటా. తిండికి అలవాటు పడిన కోతులు రోడ్డుమీదే కాపురం పెట్టి చక్రాల కింద నలుగుతున్నాయి. వాటి కోసం చిరుతలు రోడ్డు దాకా వస్తాయి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను అభయారణ్యంలో 2024 జూలైలో నిషేధించారు. గేటు దగ్గర సంచులు వెతికితే తప్ప అది కాగితం మీదే ఉంటుంది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగే వేలాది భక్తులకైతే తనిఖీ మరింత గట్టిగా ఉండాలి. వేసవిలో ఆరీ ఆరని బీడీ ముక్క ఒక్కటి చాలు, ఎండుగడ్డి కొండ తర్వాత కొండ అంటుకోవడానికి.

తరతరాలుగా ఈ అడవిలో బతుకుతున్న చెంచులను పర్యాటకులతో ఒకే గాటన కట్టడం తప్పు. తేనె, జిగురు, చెంచుగడ్డలపై 2006 అటవీ హక్కుల చట్టం వారికిచ్చిన హక్కు సెలవు రోజు వచ్చిపోయేవారి సరదా కాదు. వారి ఆవాసాలైన పెంటల తరలింపు వారి ఇష్టంతోనే జరగాలి. రాత్రి అంబులెన్సుకు గేటు ఎలాగూ తెరవాల్సిందే.

ఆయకట్టు రైతుకూ ఈ అడవితో సంబంధం ఉంది. మిర్యాలగూడ, కోదాడ పొలాలకు నాగార్జునసాగర్ ఎడమ కాలువలో పారే నీళ్లన్నీ నల్లమలలో పుట్టినవి కావు. అయినా శ్రీశైలం దిగువ నుంచి సాగర్ దాకా కృష్ణ ఈ కొండల మధ్యే ప్రవహిస్తుంది. 408 టీఎంసీల సాగర్ సామర్థ్యం పూడికతో 312 టీఎంసీలకు పడిపోయింది. ఒడ్డు కొండలు బోడివైతే ఆ పూడిక పెరుగుతుందే గానీ తగ్గదు. సాగర్ పక్కనే లంబాపూర్–పెద్దగట్టులో యురేనియం తవ్వకాలను ఇక్కడి జనం ఎదిరించింది ఈ ఎరుకతోనే. అమ్రాబాద్‌లో యురేనియం వద్దని 2019 సెప్టెంబరులో శాసనసభ తీర్మానించింది కూడా.

ఇక భక్తుల ఇబ్బంది. దీనికి మందు గేటు తెరవడం కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డిపోల శ్రీశైలం బస్సులు గేటు వేళలకు సరిపడేలా నడవాలి. రాత్రి చేరినవాళ్లు పడుకోవడానికి హాజీపూర్, మన్ననూరుల్లో మరుగుదొడ్లతో సహా వసతి షెడ్లు కట్టాలి. తొమ్మిదింటికి గేటు పడుతుందన్న బోర్డు దేవరకొండలోనే కనిపించాలి.