‘పంపని ఉత్తరం’ – మన క్షేత్ర పర్యటనలు

విహారయాత్రకూ క్షేత్ర పర్యటనకూ గల భేదం మన కళాశాలలలో నానాటికీ చెరిగిపోతున్నది. బస్సెక్కడం, ఏదో కొండ ముందు నిలిచి ఛాయాచిత్రం తీయించుకోవడం, గత సంవత్సరపు రికార్డు చూచి వ్రాసి మార్కులు పొందడం – ఇంతే. ఈ సందర్భంలో మన విద్యార్థులలో బహు కొద్దిమంది మాత్రమే చూచి ఉండే ఒక పాత రష్యన్ చిత్రాన్ని ప్రస్తావించదలచినాము.

1960లో విడుదలైన ఆ చిత్రం పేరు ‘పంపని ఉత్తరం’. 1958లో కేన్స్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి పొందిన ‘క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్’ దర్శకుడు మిఖాయిల్ కలతోజోవ్ దీనికీ దర్శకుడు. ఆ కీర్తి నీడలో ఇది మరుగునపడింది. వజ్రాలకై నలుగురు సైబీరియా అడవిలో దిగుతారు: అనుభవజ్ఞుడైన సబీనిన్, దారి చూపే సెర్గీ, తాన్యా, ఆంద్రీ అనే యువ ప్రేమికులు. ఇది వట్టి కల్పన కాదు. 1954లో లారిసా పొపుగాయెవా అనే మహిళ యాకూతియాలో తొలి కింబర్లైటు గొట్టాన్ని కనుగొన్నది. మన అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఉన్నవీ కింబర్లైటు శిలలే. కోహినూరు కథలు గర్వంగా చెప్పుకునే మనలో ఆ శిలను చేతబట్టి చూచినవారు ఎందరు?

మాకు మిక్కిలి నచ్చినది వజ్రం దొరికిన ఘట్టం కాదు. అంతకు మునుపు త్రవ్వి త్రవ్వి విసిగిన దినాలు. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంతో ముగిసే విషయం వెనుక ఎంత చాకిరీ ఉన్నదో ఆ దృశ్యాలు చూపుతవి. తరువాత కార్చిచ్చు. సెర్గీ మరణిస్తాడు. రేడియోలో అభినందనలు వినవస్తవి గాని, వీరి మాట అవతలికి చేరదు. నడవలేని ఆంద్రీ తోటివారికి భారం కారాదని చెప్పకుండా వెళ్లిపోతాడు. నవ్వుతూ అడవికి వచ్చిన తాన్యా, ఆ వియోగాన్ని సహించి నడిచీ నడిచీ, చివరకు నేలకొరుగుతుంది.

ఈ బలిదానాన్ని చిత్రం కీర్తిస్తుంది. మేము అంగీకరించలేము. పటం దక్కినంత మాత్రాన పంపినవారి బాధ్యత తీరదు. అయితే ప్రమాదభీతితో పర్యటననే కుదించడమూ న్యాయం కాదు. ఆడపిల్లలను పంపడానికి తల్లిదండ్రులు జంకుతున్నారని చెప్పి ఒక్క పూటతో ముగించడం సులువు. వారికి నమ్మకం కలిగే ఏర్పాట్లు చేయడం కష్టం. కళాశాల కమిటీవారు ఆ కష్టాన్నే ఎన్నుకోవాలని కోరుతున్నాము. వారం రోజులు ఒకే చోట పని, వెంట ఒక అధ్యాపకురాలు, ఒక ప్రథమ చికిత్స పెట్టె, బసకు ఏదైనా ఊరి పాఠశాల – వార్షికోత్సవపు పందిరికయ్యే ఖర్చును కొంత తగ్గించుకుంటే ఇవి సమకూరవా? వజ్రకరూరుకు బస్సులు నడుస్తూనే ఉన్నవి.