మందు మారితే కొలత మారాలి

చంపాపేట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాటితే మూసారాంబాగ్. ఆ పేరులో ఉన్నది నిజాం సేనల్ని నడిపిన ఫ్రెంచివాడు మాన్స్యూర్ రేమండే అంటారు. 1798లో చనిపోయిన ఆయన సమాధి దగ్గర్లోని గుట్టమీద ఉంది. ఆయన ఫిరంగుల్లో కూరింది సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన నల్లమందు. 1884లో ఫ్రాన్సులోనే పాల్ వియే పొగరాని మందు కనిపెట్టాడు. అదే తూకానికి దాని బలం దాదాపు మూడింతలు! పాత కొలతతో నింపితే తుపాకీ చేతిలోనే బద్దలవుతుంది. పిస్టల్ గొట్టం పొట్టిది కాబట్టి త్వరగా మండే మందు కావాలి; రైఫిల్‌కి నిదానంగా మండేది. అందుకే అమెరికాలో తూటాలు తిరిగి నింపుకునే షూటర్లు మందు కంపెనీ పట్టిక చూసి, తక్కువతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతారు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. తాతగారి తుపాకీతో ప్రయోగాలు వద్దే వద్దు!