అధికారం కింద ఎగిరిన సైనికుడు



సైనికులను తలచుకునేటప్పుడు మనకు అలవాటైన లెక్క ఒకటుంది. ఎన్ని యుద్ధాలు చేశాడు, ఎన్ని పతకాలు వచ్చాయి అని చూస్తాం. ఆ లెక్కన అమెరికా వైమానిక దళపు జనరల్ ఎల్వుడ్ కెసాడా పేరు నార్మండీ యుద్ధ చరిత్ర దగ్గరే ఆగిపోతుంది. మా అభిప్రాయం వేరు. 1993లో కన్నుమూసిన ఈ మనిషిని మనం తలచుకోవలసింది ఆకాశం నుండి చేయించిన దాడుల కొరకు కాదు, ఆకాశంలో విమానాలు ఒకదానినొకటి గుద్దుకోకుండా చేసిన పని కొరకు. గల్ఫ్ దేశాలకు బిడ్డలను పంపుకొనే మన కుటుంబాలకు ఆ పనితో సంబంధం ఉంది.

1929 జనవరిలో, కెసాడా ఇంకా యువ అధికారిగా ఉన్నప్పుడు, 'క్వశ్చన్ మార్క్' అనే విమానంలో నలుగురు సహచరులతో కలిసి 150 గంటలకు పైగా కిందికి దిగకుండా ఎగిరారు. పైన ఎగిరే మరో విమానం నుండి గొట్టం దించి ఇంధనం పోసేవారు. అప్పుడు వాళ్ళ దగ్గర రేడియో లేదు. ఏదైనా చెప్పాలంటే ఇంకో విమానం పక్కలను నల్లబల్లగా చేసి, దాని మీద సుద్దతో రాసి, పక్కకు తెచ్చి చూపించేవారు! మన ఊరి బడిలో పంతులుగారు రాసినట్టే.

అదే మనిషి 1944లో ఫ్రాన్సు యుద్ధభూమిలో ఏం చేశారో చూడండి. ట్యాంకులకు విమానాల రేడియోలు పెట్టించి, ఆ ట్యాంకుల్లో పైలట్లను కూర్చోబెట్టారు. నేల మీది సైనికుడు పైనున్న విమానంతో నేరుగా మాట్లాడగలిగాడు. రాడార్ తెర చూస్తూ యుద్ధ విమానాలను లక్ష్యాల వైపు నడిపించడం కూడా ఆయన దళం బాగా నేర్చింది. ఆ జూలై 4న సర్వసేనాని ఐసెన్‌హోవర్‌ను తన ఒంటి ఇంజను యుద్ధవిమానం వెనుక సీట్లో ఇరికించుకొని యుద్ధరంగం మీద తిప్పి చూపించారు. ధైర్యానికి తక్కువ లేదు, సాహసం కొంచెం ఎక్కువే అనుకోవాలి.

ఇక 1956 జూన్ 30. లాస్ ఏంజెలెస్ నుండి మూడు నిమిషాల తేడాతో రెండు ప్రయాణికుల విమానాలు బయలుదేరాయి. మొదటిది కాన్సాస్ సిటీకి, రెండవది షికాగోకు. మొదటి విమానపు పైలట్ 21,000 అడుగుల ఎత్తుకు ఎక్కుతానని అడిగాడు. ఆ ఎత్తులో రెండవ విమానం ఉందని నియంత్రణ కేంద్రం ఒప్పుకోలేదు. అప్పుడతను మబ్బులకు వెయ్యి అడుగుల పైన ఎగురుతానని అడిగాడు. దానికి అనుమతి దొరికింది. మబ్బులకు వెయ్యి అడుగుల పైన అంటే ఆ రోజున అదే 21,000 అడుగులైంది. ఎదుటి విమానాన్ని పైలట్ తన కళ్ళతో చూసి తప్పుకోవాలనేదే అక్కడి నియమం. గ్రాండ్ కాన్యన్ మీద రెండూ ఢీకొని 128 మంది చనిపోయారు. ఒక్కరు కూడా మిగలలేదు.

అప్పటికి అమెరికా ఆకాశంలో సైన్యానిది ఒక దారి, పౌర విమానాలది ఇంకొక దారి. 1958 ఏప్రిల్‌లో లాస్ వేగాస్ దగ్గర ఒక యుద్ధవిమానం ప్రయాణికుల విమానాన్ని ఢీకొని 49 మంది పోయారు. నెల తిరగకముందే మేరీలాండ్‌లో అలాంటిదే ఇంకొకటి జరిగింది. అప్పటికే అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ ఆ ఆగస్టులో కొత్త చట్టం మీద సంతకం చేశారు. ఆకాశమంతటినీ ఒకే అధికారం కిందికి తెచ్చే ఫెడరల్ ఏవియేషన్ ఏజెన్సీ పుట్టింది. దాని మొదటి అధిపతి కెసాడా. ఆ పదవిలో ఉండేవాడు పౌరుడై ఉండాలని చట్టం చెప్పింది గనుక, సంపాదించుకున్న సైనిక హోదాను ఆయన వదులుకోవలసి వచ్చింది. మాకు ఆయన పతకాలన్నిటికంటె ఈ వదులుకోవడమే పెద్దదిగా కనబడుతుంది.

పైలట్లకు మాత్రం ఆయన నచ్చలేదు. 1959 ఫిబ్రవరిలో అట్లాంటిక్ మీద ఒక పెద్ద జెట్ విమానం 35,000 అడుగుల నుండి సుమారు 6,000 అడుగుల దాకా పడిపోయి, చివరి క్షణంలో నిలదొక్కుకుంది. ఆ సమయానికి కెప్టెన్ తన సీట్లో లేడు, ప్రయాణికుల మధ్యన ఉన్నాడు. తరువాత కెసాడా అధికారులు విమానాల్లోకి ఎక్కి, పైలట్లు తమ సీట్లలో ఉన్నారా లేదా అని చూడటం మొదలుపెట్టారు. 60 ఏళ్ళు నిండినవారు పెద్ద సంస్థల విమానాలు నడపకూడదనే నియమం కూడా ఆయనదే. దాని మీద పైలట్లు కోర్టుకెక్కారు. ఆ నియమం విషయంలో మేము పైలట్ల పక్షమే. 2007లో దాన్ని 65కు పెంచారు కూడా. (సంఘ కాపరులకు అలాంటి నియమం పెడితే మన మండలంలో ఎన్ని గుడులు ఖాళీ అవుతాయో!)

ఇంత కఠినంగా ఉన్నా ప్రమాదం ఆగలేదు. 1960 డిసెంబరు 16న, ఆయన ఇంకా పదవిలో ఉండగానే, న్యూయార్క్ మీద రెండు విమానాలు ఢీకొని నేల మీదివారితో కలిపి 134 మంది మరణించారు. ఒక విమానంలో దారి చూపే పరికరాలు రెండింటిలో ఒకటి చెడిపోయింది. ఆ సంగతి పైలట్లు కింద కేంద్రానికి చెప్పలేదు. ఆగి తిరగవలసిన చోటు దాటి వెళ్ళిపోయారు. పరికరం చెడితే వెంటనే చెప్పితీరాలనే నియమం ఆ చావుల తరువాత వచ్చింది.

ఇది పరదేశపు కథ అనుకోకండి. 1996 నవంబరు 12 సాయంత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం ఢీకొన్నాయి. 349 మంది చనిపోయారు. సౌదీ విమానంలో ఎక్కువమంది పొట్టకూటి కొరకు వెళుతున్న మన దేశస్థులే. దిగుతున్న కజక్ విమానం 15,000 అడుగుల దగ్గర ఆగాలి, ఆగలేదు. అప్పటి ఢిల్లీ రాడార్ తెర మీద విమానం ఎంత ఎత్తులో ఉందో కనిపించేది కాదు. వచ్చేవాటికీ పోయేవాటికీ ఒకటే దారి. ఆ తరువాతే దారులు వేరుచేశారు, విమానాల్లో ఢీకొనే ప్రమాదాన్ని ముందే హెచ్చరించే పరికరాలు తప్పనిసరి చేశారు.

ఇలాంటి ప్రమాదాల తరువాత కొందరు విశ్వాసులు, చనిపోయినవారి ఇంట్లో ప్రార్థన తక్కువైందేమో అన్నట్టు మాట్లాడతారు. అది క్రూరమైన మాట. ఆ 349 మంది ఇళ్ళలో ఎన్ని మోకాళ్ళు వంగాయో మనమెవరం లెక్కకట్టడానికి? దేవుడు కాపాడకపోతే కావలివాని శ్రమ వ్యర్థమని 127వ కీర్తన నేర్పుతుంది. నిజమే. కాని కావలివానిని ఇంటికి పంపేయమని ఆ కీర్తన ఎక్కడా చెప్పలేదు. రాడార్, వేరుచేసిన దారులు, కోపగించుకున్న పైలట్ల మీద నిలబెట్టిన నియమాలు, వీటిని దేవుని కాపుదలకు పోటీగా చూడటం మాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. ఆ కాపుదల మన దగ్గరికి వచ్చే దారుల్లో ఇవీ ఉన్నాయి.

కపెర్నహూములోని శతాధిపతి జ్ఞాపకమున్నాడా? తన కింద సైనికులున్నా, తానూ ఒక అధికారానికి లోబడినవాడినేనని యేసుతో ఒప్పుకున్నాడు. ప్రభువు ఆశ్చర్యపడ్డది ఆ విశ్వాసాన్ని చూసే. వేల గంటలు ఎగిరిన పైలట్ కింద గదిలోని ఒక ఉద్యోగి మాటకు లోబడి 15,000 దగ్గర ఆగడం, ఇంకా ఆ పరికరం పనిచేయడం లేదండీ అని సిగ్గుపడకుండా చెప్పడం, ఆ శతాధిపతి గ్రహించిన సంగతికి చాలా దగ్గర. తానూ పైలటైన కెసాడా తోటి పైలట్లను అడిగింది ఇదే.

ప్రయాణపు కాపుదల కొరకు ప్రార్థించమని మాకు వాట్సాప్‌లో విమానం నంబరు పంపే కుటుంబాలకు ఒక విన్నపం. ఇకనుండి మీ ప్రార్థనలో, ఆ రాత్రి హైదరాబాద్‌లోనో మస్కట్‌లోనో నిద్ర మానుకుని రాడార్ తెర ముందు కూర్చున్న, మనకు పేరు తెలియని ఆ మనిషిని కూడా చేర్చండి. కింద నుండి వచ్చే మాటను పైలట్ సరిగా వినేలాగున కూడా అడగండి.