ఆ రైతు అడిగింది ఒక్క తడే

1990ల చివర్లో బ్యాంకు నన్ను మధ్యప్రదేశ్‌లోని సీహోర్ జిల్లాకు బదిలీ చేసింది. కర్నూలు మెట్ట సేద్యం చూస్తూ పెరిగినవాణ్ని. అక్కడి నల్లరేగడి చూడగానే మా ఊరు గుర్తొచ్చింది. పంట రుణం దరఖాస్తులో ‘సించిత్’ (నీటి వసతి ఉన్నది), ‘అసించిత్’ (లేనిది) అని రెండు గళ్లుండేవి. బావి ఉన్న గోధుమ చేనుకు ఎక్కువ అప్పు, వానను నమ్ముకున్నదానికి బాగా తక్కువ. నేనూ కళ్లు మూసుకుని అలాగే మంజూరు చేశాను.

ఒక రైతు వానకాలం చేను ఖాళీగా ఉంచి, పదును నేలలోనే దాచుకుని షర్బతీ రకం గోధుమ విత్తేవాడు. ఎకరాకు ఆరు క్వింటాళ్లు వస్తే పండగే. పక్క చేలో బావి కింద పదిహేను. కానీ పక్కాయనకు డీజిలు, యూరియా, మోటారు రిపేర్ల ఖర్చు. ఈయన గింజకు మండీలో మంచి ధర. చేతిలో మిగిలిన డబ్బు చూస్తే ఇద్దరి మధ్య అంత దూరం లేదు. అయితే చలికాలంలో ఒక్క జల్లూ పడని ఏడు ఈయన నిలువునా మునిగేవాడు. వానకాలపు పంట వదులుకున్న నష్టం సరేసరి.

“సాబ్, నాలుగు తడులు వద్దు. ఒక్కటి ఇప్పించండి” అని కుంటకు అప్పు అడిగాడు. సరిగ్గానే అడిగాడు. విత్తిన మూడు వారాలకు, కొత్త వేళ్లు తొడిగే వేళ ఇచ్చే తడికి వచ్చినంత ఫలితం అయిదో తడికి రాదు. ‘అసించిత్’ గడిలో కుంటకు చోటు లేదని తిప్పి పంపాను. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇక్కడ ఒక్క తడికి అప్పు పుట్టని ఆ రోజుల్లోనే, 1997లో, పంజాబ్‌లో సేద్యానికి కరెంటు ఉచితమైంది; మధ్యలో కొన్నేళ్లు తప్ప ఇప్పటికీ అంతే. అక్కడ భూమిలోకి ఏటా ఇంకి, తోడుకోదగిన నీరు 100 పాళ్లయితే తోడేది 150కి పైనే. ఆ నీటి ఖరీదు ఏ రైతు లెక్కలోనూ రాదు. 2025-26 గోధుమ మద్దతు ధరకు ప్రభుత్వం చూపిన సాగు ఖర్చు దేశమంతటికీ కలిపి క్వింటాకు 1,182 రూపాయలు. గోధుమ విస్తీర్ణంలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీటి కిందిదే కాబట్టి, ఆ సగటులో మెట్ట రైతు కనిపించడు. భూగర్భ జలం ముట్టని గింజకూ, పాతాళం నుంచి తోడిన గింజకూ ఆ ఏడు ఒకటే మద్దతు ధర, 2,425 రూపాయలు.

ఇది అన్యాయం. మెట్ట గోధుమకు విడిగా ఖర్చు లెక్కగట్టి ధర ప్రకటించాలి. ఉచిత కరెంటుకు పోసే డబ్బులో కొంత తీసి, మెట్ట చేలల్లో కుంటలు తవ్వించాలి.