తొలి డిక్రీ నాడే మేలుకొనవలెను

సివిలు కోర్టులో ఓడినవాడు ప్రతి ఉత్తర్వు మీదను పై కోర్టుకు పోవచ్చునని మన పల్లెలలో గల నమ్మకమునకు చట్టములో ఆధారము లేదు. అప్పీలనునది శాసనము ప్రసాదించినచోటనే లభించు హక్కు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 96వ సెక్షనులో డిక్రీ మీద మొదటి అప్పీలునకు త్రోవ చూపి, ఉభయులు సమ్మతించి పొందిన రాజీ డిక్రీకి ఆ త్రోవను మూసివేసినది. మధ్యంతర ఉత్తర్వులలో ఇంజంక్షను వంటి కొన్నింటికే అప్పీలు కలదు. తక్కినవాటిలోని దోషములను చివర డిక్రీపై అప్పీలు చేయునప్పుడు ఆక్షేపించుకొనవచ్చును.

చివర చెప్పుకొనవచ్చునను ఈ మాటనే నమ్ముకొని భాగపు దావాలలో కక్షిదారులు చెడిపోవుచున్నారు. పిత్రార్జితమైన మాగాణి కొరకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు కోర్టు కెక్కినప్పుడు, న్యాయాధిపతి మొదట ఎవరి వంతెంతయో నిర్ణయించి ప్రాథమిక డిక్రీ నిచ్చును. పిమ్మట కమిషనరు పొలమునకు వచ్చి, గట్లు కొలిపించి, బావి యెవరికి, బండిదారి యెవరికి అని నివేదిక దాఖలు చేసిన మీదటనే తుది డిక్రీ వెలువడును. ఈ రెంటి నడుమ ఏండ్లు గడచుట కలదు. భూమి యింకను నా సాగులోనే యున్నదికదా, అది చేజారునాడు చూచుకొందమని ఊరకున్నవాడు, తుది డిక్రీ వచ్చినాక మేల్కొని, నాకు మూడవ వంతు రావలసియుండగా నాలుగవ వంతే యిచ్చినారని మొరపెట్టుకొన్నను, ఆ మొర చెల్లదు. ప్రాథమిక డిక్రీపై అప్పీలు చేయనివాడు దాని మంచిచెడ్డలను తుది డిక్రీ అప్పీలులో ప్రశ్నింపరాదని 97వ సెక్షను శాసించుచున్నది. పంపకములో పొరపాటున్నచో చెప్పుకొనవచ్చునుగాని, వంతుల లెక్క ఏనాడో స్థిరపడినది. ఈ నియమము కఠినమేగాని అన్యాయము కాదు; వంతులే తేలకున్న కమిషనరు దేనిని పంచును? అన్యాయమెల్ల, తీర్పు చెప్పిన దినమున దాని యర్థమును కక్షిదారునకు తెలుగులో విప్పిచెప్పువారు లేకపోవుటయందున్నది.

గడువు స్వల్పము. 1963 నాటి లిమిటేషను చట్టము ప్రకారము డిక్రీ తేదీనుండి హైకోర్టునకైన 90 దినములు, ఇతర న్యాయస్థానములకైన 30 దినములు. నకలు పొందుటకు పట్టిన కాలమును లెక్కనుండి తీసివేయుదురుగాని, మీరు దరఖాస్తు పెట్టకమునుపు డిక్రీని తయారుచేయుటకు కోర్టు తీసికొన్న దినములను తీసివేయరు. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నించు అధికారము కోర్టునకున్నది. ఆ మన్నింపును హక్కుగా అడుగుటకు వీలులేదు. అప్పీలు దాఖలైనంతమాత్రమున అమలు ఆగిపోదు, స్టే వేరుగా కోరవలెను. రెండవ అప్పీలు మీద ఆశపెట్టుకొనుటయు క్షేమము కాదు. ముఖ్యమైన న్యాయప్రశ్న యున్నప్పుడే హైకోర్టు దానిని స్వీకరించును.

భాగపు దావాలు నడుపుచున్న పాఠకులారా, ప్రాథమిక డిక్రీ వెలువడిన దినముననే నకలుకు దరఖాస్తు పెట్టించుడు. మీ వకీలు ఎదుట కూర్చుండి, మీ వంతు ఎంతయని వ్రాసినారో చదివించుకొనుడు.