పామాయిల్ తోటల గాలినీ లెక్కించాలి

చెట్లు ఆక్సిజన్ ఇస్తాయని బడి పిల్లలకూ తెలుసు. అవి హైడ్రోకార్బన్లను కూడా వదులుతాయన్నది అంతగా ప్రచారంలో లేని సంగతి. వీటిలో ముఖ్యమైనది ఐసోప్రీన్. చాలా జాతుల చెట్లు పగటి వెలుతురులో, ఎండ వేడికి ఈ వాయువును విడుదల చేస్తాయి. వేడిని తట్టుకోవడానికి ఇది ఆకుకు తోడ్పడుతుంది. ప్రపంచంలోని మొక్కలన్నీ కలిసి ఏటా దాదాపు 50 కోట్ల టన్నుల ఐసోప్రీన్‌ను వదులుతున్నాయని అంచనా. అందులో అధిక భాగం ఉష్ణమండలానిదే.

అడవిలోని స్వచ్ఛమైన గాలిలో దీనివల్ల పెద్ద చిక్కు లేదు. వాహనాలు, బొగ్గు విద్యుత్ కేంద్రాలు, నత్రజని ఎరువులు వేసిన నేలల నుంచి వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్‌లు తోడైతేనే ఇబ్బంది. ఎండలో జరిగే రసాయన చర్యలతో అప్పుడు నేలకు దగ్గరలోనే ఓజోన్ తయారవుతుంది. ఎత్తున ఉన్నప్పుడు అతినీలలోహిత కిరణాలకు అడ్డుపడే ఆ ఓజోనే, కింద ఉంటే ఊపిరితిత్తులకు, పంటలకు చేటు చేస్తుంది.

మలేసియాలోని సబాలో శాస్త్రవేత్తలు 2008లో అడవి గాలిని, ఆయిల్ పామ్ తోటల గాలిని కొలిచి పోల్చారు. ఐసోప్రీన్, నైట్రోజన్ ఆక్సైడ్‌లు రెండూ తోటల నుంచే ఎక్కువగా వెలువడుతున్నాయని తేలింది. అయినా అప్పటికి రెండుచోట్లా ఓజోన్ దాదాపు ఒకే స్థాయిలో ఉంది. నైట్రోజన్ ఆక్సైడ్‌లు పెరిగితే మాత్రం ఓజోన్ ప్రమాదకర స్థాయికి చేరుతుందని వారు హెచ్చరించారు.

ఈ హెచ్చరిక మనకూ వర్తిస్తుంది. వంటనూనెల దిగుమతిని తగ్గించేందుకు కేంద్రం 2021లో రూ.11,040 కోట్లతో ఆయిల్ పామ్ మిషన్‌ను ఆమోదించింది. ఈ సాగులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే ముందున్నాయి. ఇక్కడ తోటలు ఎక్కువగా సాగుభూముల్లోనే వేస్తున్నారు కనుక అడవికి నష్టం లేదన్న వాదనలో నిజముంది. కానీ గాలిలోని రసాయన చర్యలకు ఆ తేడాతో పనిలేదు. ఆయిల్ పామ్ విస్తరిస్తున్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనే పాల్వంచ బొగ్గు విద్యుత్ కేంద్రం కూడా ఉంది.

దీనికి చెట్టును నిందించడం, రైతును సాగు మానుకోమనడం పరిష్కారం కాదు. ఆకు వదిలే ఐసోప్రీన్‌ను ఆపలేం. మనుషుల వల్ల వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్‌లను తగ్గించగలం. భూసార, పత్ర పరీక్షలను బట్టి ఎరువు వేస్తే రైతుకు ఖర్చు కూడా కలిసివస్తుంది. విద్యుత్ కేంద్రాల పొగ గొట్టాలపై నిబంధనలు కచ్చితంగా అమలు కావాలి. ఎక్కువగా నగరాలకే పరిమితమైన ఓజోన్ కొలతలు తోటలున్న మండలాలకూ చేరాలి. తోటలు ఇంకా విస్తరించక ముందే ఆ పని మొదలైతే, గాలిలో వచ్చే మార్పును పోల్చి చూడటానికి ఒక ఆధారమైనా ఉంటుంది.